అక్కకి మ్యాట్రిమోనీ సైట్‌లో ఇంగ్లండ్ డాక్టర్ సంబంధం, గిఫ్ట్ పార్సిల్ పంపాడంట, కస్టమ్స్ వాళ్లు డబ్బు కట్టమంటున్నారు, నమ్మొచ్చా?

తెనాలి తమ్ముడు:

అందరికీ నమస్తే. మా అక్క గురించి అడుగుతున్నా, కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి ప్లీజ్. అక్కకి 38, విడాకులయ్యి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు, ఇక్కడే ఒక ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెప్తుంది. ఇన్నాళ్లూ పెళ్లి మాటెత్తితే లేచి వెళ్లిపోయేది, అమ్మ పోరు పడలేక ఈమధ్యే ఒక మ్యాట్రిమోనీ సైట్‌లో రెండో పెళ్లి వాళ్ల సెక్షన్‌లో ప్రొఫైల్ పెట్టింది. వారం తిరక్కుండానే ఒకాయన ఇంట్రెస్ట్ పంపాడు. మాంచెస్టర్‌లో గుండె డాక్టరంట, వాళ్లమ్మది విజయవాడ, నాన్న ఇంగ్లండాయనే, భార్య క్యాన్సర్‌తో పోయింది, చిన్న పాప ఉంది. ఫొటోల్లో మనిషి బాగున్నాడు, తెల్లకోటు వేసుకుని హాస్పిటల్ కారిడార్‌లో ఒకటి, పాపని ఎత్తుకుని పార్కులో ఒకటి. ప్రొఫైల్ పక్కన వెరిఫైడ్ అని టిక్ కూడా ఉంది.

సైట్‌లో నాలుగు మెసేజ్‌లు పెట్టాడో లేదో నేనిక్కడికి ఎక్కువ రాను వాట్సాప్‌కి వచ్చెయ్ అన్నాడు. +44 నంబరే. పొద్దున లేస్తే గుడ్ మార్నింగ్ మై క్వీన్, మధ్యాహ్నం తిన్నావా, సాయంత్రం స్కూల్ నుంచి ఇంటికి చేరావా, రాత్రి నువ్వు లేకుండా ఎలా బతికానో ఇన్నాళ్లు, ఇదీ వరస. తెలుగు ఒక్క ముక్క రాదు. వీడియో కాల్ అంటే హాస్పిటల్లో నెట్ ఉండదు, కెమెరా పాడైంది అంటాడు, ఒక్కసారి అర నిమిషం వచ్చాడు, మొహం మసకమసకగా ఉంది, పెదాల కదలిక ఒకటి మాట ఒకటి. కానీ అక్క ఇంతలా పడిపోయింది మాత్రం వాడికి కాదండి, పాపకి. ఆ పాప గొంతుతో హాయ్ మమ్మీ ఐ యామ్ వెయిటింగ్ ఫర్ యూ అని వాయిస్ మెసేజ్ వచ్చింది, అక్క దాన్ని రోజూ వింటుంది, నేను వంటింట్లోకి వెళ్తే ఆపేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఉంగరం, ఐఫోన్, హ్యాండ్‌బ్యాగ్ పార్సిల్ వేశాను, లోపల కవర్లో 20 వేల పౌండ్లు పెట్టాను, మనం ఉండబోయే ఇంటికి అడ్వాన్స్ ఇవ్వు అని మెసేజ్ పెట్టి రసీదు ఫొటో, ట్రాకింగ్ లింక్ పంపాడు. ఆ లింక్ ఓపెన్ చేస్తే పార్సిల్ ఢిల్లీ చేరింది అని చూపిస్తోంది. తర్వాత ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ కస్టమ్స్ నుంచి అని ఒకావిడ ఫోన్ చేసింది, హిందీ ఇంగ్లీషు కలిపి మాట్లాడింది, స్కానింగ్‌లో కరెన్సీ దొరికింది 38,500 కట్టకపోతే మీ పేరు మీద కేసవుతుంది అంది. అక్క గాజులు తాకట్టు పెడతానంటోంది. నేను వద్దన్నానని నాతో మాట్లాడట్లేదు, నా సంతోషం నీకు ఇష్టం లేదు అంటోంది. ఇది మోసమని నా మనసుకి తెలుస్తోంది కానీ అక్కకి ఎలా చూపించాలో తెలియట్లేదు. ఆయన నిజంగా డాక్టరా కాదా కనుక్కునే దారేమైనా ఉందా?

బ్యాంకు కౌంటర్ నుంచి:

తమ్ముడూ ముందు ఒక్క రూపాయి కూడా కట్టనివ్వకు, మిగతాది తర్వాత తీరిగ్గా చదువు. ఇది మోసమే, అనుమానం అక్కర్లేదు.

విదేశం నుంచి వచ్చే పార్సిల్ మీద డ్యూటీ అనేది నిజంగానే ఉంటుంది, అందుకే చదువుకున్నవాళ్లు కూడా నమ్మేస్తారు. కానీ వసూలు చేసే పద్ధతి వేరు. కొరియర్‌లో వస్తే ఆ కొరియర్ కంపెనీ బిల్లు చూపించి తీసుకుంటుంది, పోస్టులో వస్తే పోస్టాఫీసులో కట్టి రసీదు తెచ్చుకుంటాం. కస్టమ్స్ ఆఫీసర్ అనేవాడు ఫోన్ చేసి ఫలానా అకౌంట్లో వెయ్యి, ఫలానా నంబరుకి ఫోన్‌పే కొట్టు అనడు. 2019 చివరి నుంచి కస్టమ్స్ వాళ్లు పంపే ప్రతి కాగితం మీద డీఐఎన్ అని ఒక నంబర్ ఉండాలి, అది సీబీఐసీ (కస్టమ్స్ పైనుండే కేంద్ర బోర్డు) వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే ఆ కాగితం వాళ్లదో కాదో తెలిసిపోతుంది. ఆవిడ మళ్లీ ఫోన్ చేస్తే అక్కనే అడగమను, డీఐఎన్ నంబర్ చెప్పండి అని. ఏం జవాబొస్తుందో అక్కే వింటుంది, నువ్వు చెప్పక్కర్లేదు. ఇంకోటి, పార్సిల్లో నోట్ల కట్టలు పెట్టి పంపుతానంటే ఏ కొరియర్ కంపెనీ తీసుకోదు. అంత పెద్ద డాక్టరుకి బ్యాంకు ద్వారా డబ్బు పంపడం రాదా?

ఆ ట్రాకింగ్ సైట్ కూడా వాళ్లు తయారుచేసుకున్నదే. లింక్ మీద నొక్కకుండా, పేరున్న కొరియర్ కంపెనీ అయితే వాళ్ల అసలు వెబ్‌సైట్ నువ్వే టైప్ చేసి తెరిచి ఆ నంబర్ కొట్టు, రాదు.

డబ్బు వెయ్యమన్న అకౌంట్ పేరు చూడు, కచ్చితంగా ఎవరో ఒక ప్రైవేటు మనిషి పేరు ఉంటుంది, బ్రాంచి ఏదో దూరపు రాష్ట్రంలో ఉంటుంది. కమీషన్ ఆశ చూపించి కూలి పనివాళ్ల దగ్గర, కాలేజీ పిల్లల దగ్గర అకౌంట్లు తీసుకుంటారు, డబ్బు పడిన నిమిషాల్లో నాలుగైదు అకౌంట్లకి పాకిపోతుంది. మా కౌంటర్ దగ్గరికి ఒకావిడ వచ్చింది ఇలాగే, చెవి దగ్గర ఫోన్ పెట్టుకునే ఆర్టీజీఎస్ ఫారం నింపుతోంది, చెయ్యి వణుకుతోంది. ఎవరికమ్మా అంటే మా చుట్టాలబ్బాయికి అంది, పేరు చూస్తే మనవైపు పేరు కాదు, మీ చుట్టాలబ్బాయి ఊరేదమ్మా అంటే ఫోన్ వైపు చూసింది. అవతలివాడు లైన్లోనే ఉన్నాడు, బ్యాంకు వాళ్లు అడిగితే ఇలా చెప్పు అని ముందే నేర్పాడు. మా మేనేజర్ ఆవిడ్ని లోపల కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి ఫోన్ కట్ చేయించాకే ఏడ్చింది. అందుకే చెప్తున్నా, డబ్బు పంపే టైమ్‌కి వాళ్లు అక్కని ఒంటరిగా వదలరు, ఫోన్ మీదే ఉంటారు.

38,500 కట్టేస్తే అయిపోతుంది అనుకుంటోంది కదా అక్క, అవ్వదు. తర్వాత మనీ లాండరింగ్ సర్టిఫికెట్ అని లక్షపైన, తర్వాత పౌండ్లని రూపాయల్లోకి మార్చడానికి ఆర్బీఐ ఫీజు అని ఇంకా ఎక్కువ. ఆర్బీఐ మామూలు మనుషులకి ఫోన్లు చెయ్యదు, అకౌంట్లు తెరవదు, ఫీజులు అడగదు. కొన్నిసార్లు కథ మార్చి ఆయనే సర్‌ప్రైజ్‌గా వచ్చాడని, ముంబైలో విదేశీ కరెన్సీతో పట్టుబడ్డాడని ఫోన్ వస్తుంది. నోట్ల రూపంలో 5,000 డాలర్లు దాటినా, మొత్తం కలిపి 10,000 డాలర్లు దాటినా ఎయిర్‌పోర్టులో డిక్లరేషన్ ఫారం నింపి ఇవ్వాలి, రూలు అది. దానికి ఇక్కడున్న అమ్మాయి డబ్బు కట్టి విడిపించాలని ఎక్కడా లేదు.

పంపాక మా దగ్గరికి పరిగెత్తుకొచ్చి బ్యాంకు ఇప్పించాలి అంటారు. మనకి తెలియకుండా అకౌంట్లోంచి డబ్బు పోతే బాధ్యత ఎవరిదనే దానికి 2017 ఆర్బీఐ రూల్స్ ఉన్నాయి, కానీ మన చేత్తో మనమే పిన్ కొట్టి పంపిన దానికి అవి పనికిరావు. పంపకముందు ఆపడమే మన చేతిలో ఉన్నది.

బర్మింగ్‌హామ్ నర్సు:

నేను యూకేలో ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ) హాస్పిటల్లో నర్సుగా చేస్తున్నా, మాది ఒంగోలు. డాక్టరా కాదా అనేది ఐదు నిమిషాల పని తమ్ముడూ. ఇక్కడ ప్రాక్టీస్ చేసే ప్రతి డాక్టర్ జనరల్ మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యి ఉండాలి, జీఎంసీ అంటారు. ఏడంకెల నంబర్ ఉంటుంది. వాళ్ల వెబ్‌సైట్‌లో పేరు కొట్టి ఎవరైనా వెతకొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు, ఇండియా నుంచైనా ఓపెన్ అవుతుంది. లైసెన్స్ ఉందా, స్పెషలిస్ట్ రిజిస్టర్‌లో ఉన్నాడా, ఎంబీబీఎస్ లాంటి డిగ్రీ ఎక్కడ చేశాడు, అన్నీ కనిపిస్తాయి. అక్కతో ఒక్క మాట అడిగించు, నీ జీఎంసీ నంబర్ ఏంటి అని. నిజమైన డాక్టరుకి అది నోటికొచ్చి ఉంటుంది, అడిగితే తప్పుగా అనుకోడు, మేం రోజూ వాడే నంబరే అది.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది, పేరు దొరికింది కదా అని ఆగిపోవద్దు. ఈ దొంగలు నిజంగా ఉన్న డాక్టర్ల పేర్లూ ఫొటోలూ ఎత్తుకొస్తారు, ఆ డాక్టరుకి పాపం ఏమీ తెలీదు. అందుకని ఏ హాస్పిటల్ అన్నాడో ఆ హాస్పిటల్ వెబ్‌సైట్‌లో ఉన్న మెయిన్ ఫోన్ నంబరుకి (వాడిచ్చిన నంబరుకి కాదు) ఫోన్ చెయ్యి, కార్డియాలజీ కన్సల్టెంట్ ఫలానా ఆయన సెక్రటరీకి కలపమను. ఇక్కడ కన్సల్టెంట్లకి, అంటే సీనియర్ డాక్టర్లకి, సెక్రటరీలు ఉంటారు. ఆయన సొంత విషయాలు వాళ్లు చెప్పరు కానీ అలాంటి మనిషి ఇక్కడ పనిచేస్తున్నాడా లేదా అనేది తెలుస్తుంది, కావాలంటే మెసేజ్ కూడా వదలొచ్చు.

ఫొటోలు గూగుల్ లెన్స్‌లో వేసి చూడు, వేరే పేరుతో దొరికితే కథ ముగిసినట్టే. దొరక్కపోతే మాత్రం నిజమని కాదు, ఎవరిదో ప్రైవేట్ ఇన్‌స్టా నుంచి తీసుకుని ఉండొచ్చు. +44 నంబర్ ఉందని కూడా నమ్మకండి, ఆ నంబర్లు ఆన్‌లైన్‌లో అద్దెకి దొరుకుతాయి. మొహం మార్చి వీడియో కాల్ చేసే యాప్‌లు కూడా వచ్చేశాయి, పెదాలు కలవలేదన్నావు కదా, అదీ అలాంటిదే అయ్యుండొచ్చు. ఈసారి కాల్ వస్తే చేత్తో ముక్కు పట్టుకుని పక్కకి తిరిగి చూడమనండి, మార్చిన మొహమైతే చెదిరిపోవచ్చు.

రేపే ఫ్లైట్ ఎక్కి వచ్చేస్తున్నా అంటే అది కూడా పట్టుకోండి. ఇక్కడ డాక్టర్లకి లీవ్ కావాలంటే వారాల ముందు అడగాలి, డ్యూటీ రోటా అలా ఉంటుంది. బ్రిటిష్ పాస్‌పోర్ట్ అయితే ఇండియా రావడానికి వీసా కావాలి, లేదంటే ఓసీఐ (భారత మూలాలున్న విదేశీ పౌరులకి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉండాలి. అవి ఉన్నాయా అని అడగండి.

గోదారి పిన్ని:

బాబూ, నేను రాజమండ్రిలో ఉంటాను, మా చుట్టాల్లో తెలిసినవాళ్లలో చాలా సంబంధాలు కుదిర్చాను, డబ్బు కోసం కాదు, నాకదొక సరదా. వీళ్లు చెప్పినవన్నీ నిజమే, చెయ్యండి. నేను రెండు మాటలు వేరేవి చెప్తాను.

మనవాళ్లు అటు ఏడు తరాలు ఇటు ఏడు తరాలు చూడాలి అనేవాళ్లు. అంత చూడక్కర్లేదు గానీ ఒక్క తరమైనా చూడొద్దూ? ఆ అబ్బాయి తల్లిది విజయవాడ అన్నాడుగా, సరే, విజయవాడలో ఏ పేట? పుట్టింటి ఇంటిపేరేంటి? ఏ స్కూల్లో చదివింది? మేనమామలు ఎంతమంది, ఎక్కడున్నారు? భార్య పోయిందన్నాడు, ఆ అమ్మాయి తల్లిదండ్రులెవరు, పాప అమ్మమ్మ తాతయ్యతో ఒకసారి మాట్లాడొచ్చా? ఇవన్నీ కులం కోసం అడిగేవి కావు బాబూ, మనిషి ఉన్నాడా లేడా అని చూడ్డానికి. గాల్లోంచి ఎవడూ ఊడిపడడు, ఎవరో ఒక పిన్ని, ఒక బాబాయి, ఒక పాత పక్కింటివాళ్లు ఉంటారు. విజయవాడలో ఒక ఇంటిపేరూ పేటా చెప్తే సాయంత్రానికల్లా ఆ ఇల్లు పట్టుకునేవాళ్లు మన పోస్టులు చదివేవాళ్లలోనే ఉంటారు. ఆ సైట్‌లో టిక్కు ఉందన్నావు, ఫోన్ నంబరు పనిచేస్తోందనో, ఏదో ఒక ఐడీ కార్డు ఎక్కించాడనో పెట్టే టిక్కు అది, మనిషి మంచివాడని కాదు, చెప్పినవన్నీ నిజమనీ కాదు.

రెండోది మీ అక్క గురించి. నువ్వు నెమ్మదిగా చదువు. ఆ పిల్ల తెలివితక్కువది కాదు, లెక్కలు చెప్పే పిల్ల. విడాకులయ్యాక ఇన్నేళ్లలో మీ ఇంట్లో ఎవరైనా దాన్ని రోజూ తిన్నావా అని అడిగారా? నేను తప్పు పట్టట్లేదు, ఎవరి పనుల్లో వాళ్లుంటాం. ఆ దొంగ అడిగాడు, రోజుకి నాలుగుసార్లు అడిగాడు, వాడు చేసిన పనల్లా అదే. పాప గొంతు వినిపించడం అంటే మరీ పాపిష్టి పని, పిల్లలు లేని పిల్ల అని ప్రొఫైల్లో చదివే చేశాడు. ఇప్పుడు నువ్వెళ్లి నిన్ను మోసం చేశాడు, నీకు బుద్ధి లేదా అంటే వాడి వైపే పోతుంది, ఎందుకంటే ఇంట్లో తిట్టేది నువ్వు, ఊరుకోబెట్టేది వాడు. మీ ఇంట్లోవాళ్లకి మన ప్రేమంటే అసూయ, వాళ్లకి చెప్పకు అని వాడు ముందే చెవిలో వేసి ఉంటాడు, కావాలంటే అడుగు.

అందుకని ఇలా చెయ్యి. ఫోన్ లాక్కోకు. దాని పక్కన కూర్చుని, అక్కా ఆయన నిజమైనవాడైతే నాకూ సంతోషమే, నేనే దగ్గరుండి పెళ్లి చేయిస్తా, రెండు ప్రశ్నలు మాత్రం మనిద్దరం కలిసి అడుగుదాం అను. తల్లి ఊరు ఒకటి, ఆ నర్సమ్మ చెప్పిన నంబరు ఒకటి. జవాబు అక్కే చదవాలి. నువ్వు చదివి వినిపించకు. మీ అమ్మని కాసేపు నోరు మెదపొద్దని చెప్పు. పెళ్లి కాకుండా, ఎదురుగా కూర్చుని ఇరువైపులా పెద్దవాళ్లు మాట్లాడుకోకుండా డబ్బు చేతులు మారకూడదు, ఎంత ఆపదైనా సరే, ఎవరి ఆపదైనా సరే. ఆ ఒక్క కట్టుబాటు పెట్టుకుంటే మిగతావాటిల్లో కొంచెం తెలివి తప్పినా ఇల్లు గుల్లవదు.

కరీంనగర్ అన్న:

తమ్మీ గిది ఆడోళ్లకే అయితదనుకోకు, మొగోళ్లకు గూడ మస్తు అయితంది, కాకపోతే మనోళ్లు సిగ్గుతోని చెప్పరు. మా దోస్త్ ఒకడున్నడు, సాఫ్ట్‌వేర్, పెండ్లి కాక పరేశాన్ ఉన్నడు. గా సైట్ల ఒక పిల్ల కలిసింది, సింగపూర్ల బిజినెస్ అన్నది, మంచిగ మాట్లాడింది, పైసలు అడగనే లేదు. గదే పాయింట్, అడగలే. మనం పెండ్లయినంక బతకాలె గద, మా మామ దగ్గర ట్రేడింగ్ నేర్చుకున్న, నీకు గూడ నేర్పుత అని ఒక యాప్ లింక్ పంపింది. మొదాల కొంచెం పెట్టిండు, లాభం వచ్చింది, తీస్కుంటె అకౌంట్ల గూడ పడ్డది. ఇగ నమ్మకం కుదిరింది, పర్సనల్ లోన్ తీసి మరీ పెట్టిండు. యాప్ల కోటి దాక కనవడ్డది. తీస్కుందామంటె ముందుగాల ట్యాక్స్ కట్టు అన్నరు, కట్టినంక అకౌంట్ ఫ్రీజ్ అయింది ఇంకింత కట్టు అన్నరు. లాభంల కెల్లి ట్యాక్స్ కోసుకొని మిగిలింది ఇయ్యుండ్రి అంటె కుదరదన్నరు, గప్పుడు తెలిసింది ఆనికి.

గా పిల్ల పిల్లనే కాదు తెల్సా. కంబోడియాల, మయన్మార్ల పెద్ద పెద్ద కాంపౌండ్లు కట్టి నౌకర్లని చెప్పి పోరగాండ్లను తీస్కపోయి, పాస్‌పోర్టులు గుంజుకొని, గిసొంటి చాటింగులు చేపిస్తరు. మన తెలుగు పోరగాండ్లు గూడ ఇరుక్కున్నరు, 2024ల వైజాగ్ పోలీసులు కంబోడియా ఏజెంట్లను పట్టుకున్నప్పుడు పేపర్లల్ల మస్తు వచ్చింది. గందుకే చెప్తున్న, తెలుగు మంచిగ మాట్లాడుతున్నడు గదా మనోడే అని గూడ నమ్మకుర్రి.

ఇంకో రకం గూడ ఉంది, వీడియో కాల్ల బట్టలిప్పి మనల్ని గూడ ఇప్పుమంటరు, రికార్డ్ చేసి ఇంట్లోళ్లకు పంపుతమని బెదిరిస్తరు. గసొంటిది ఎవలికన్న అయితె పైసలు కట్టకుర్రి, కడితె ఇంకింత అడుగుతరు. పానం తీస్కునుడు గిట్ల అసలే సోంచాయించకుర్రి, గది నీ తప్పు కాదు. సీదా 1930కి, గదే సైబర్ మోసాల సర్కారు హెల్ప్‌లైన్‌కు, ఫోన్ కొట్టుర్రి.

తెనాలి తమ్ముడు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. పిన్నిగారు చెప్పినట్టే చేశా, అమ్మని గుడికి పంపించి అక్క పక్కన కూర్చున్నా. అక్కే టైప్ చేసింది, మీ అమ్మగారి ఊరు ఏ ఏరియా అని. విజయవాడ విలేజ్ అని వచ్చింది. ఇంటిపేరు అడిగితే నన్ను అనుమానిస్తున్నావా, నీ కోసం ఇంత చేస్తే ఇదా అని పెద్ద మెసేజ్. జీఎంసీ నంబర్ అడిగితే సెక్యూరిటీ కారణాల వల్ల ఇవ్వకూడదంట. అక్క ఏం మాట్లాడలేదు, ఆ విలేజ్ అన్న మాట దగ్గరే చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత కస్టమ్స్ ఆవిడ ఫోన్ చేస్తే అక్కే స్పీకర్లో పెట్టి డీఐఎన్ చెప్పండి అంది, ఆవిడ అరిచింది, సాయంత్రంలోపు కట్టకపోతే సీబీఐ వచ్చి అరెస్ట్ చేస్తుంది అని.

కానీ ఒక సంగతి అక్క ఇప్పుడే చెప్పింది. నాకు తెలియకుండా నిన్న రాత్రే 25,000 ఫోన్‌పేలో పంపేసిందంట, గాజులు తాకట్టు పెడతానంది మిగతా దానికి. ఆధార్ ఫొటో, కొన్ని పర్సనల్ ఫొటోలు కూడా పంపిందంట, అవి ఎక్కడ పెడతాడో అని ఒకటే ఏడుపు. ఇప్పుడేం చెయ్యాలి? పోలీసుల దగ్గరికి వెళ్తే ఊరంతా తెలుస్తుందేమో అని అక్క భయపడుతోంది.

హైదరాబాద్ అడ్వకేట్:

ఇది చదవడం ఆపి ముందు 1930కి ఫోన్ చెయ్యండి. నిన్న రాత్రి పంపారంటే ఇప్పటికే గంటలు గడిచాయి, డబ్బు ఇంకా ఏదో ఒక అకౌంట్లో ఆగి ఉంటే హోల్డ్ పెట్టగలిగేది వీళ్లే. ఫోన్‌పేలో ఆ ట్రాన్సాక్షన్ తెరిస్తే యూటీఆర్ అని ఆ పేమెంట్ నంబర్ ఉంటుంది, అది, టైమ్, ఎవరికి వెళ్లింది, మీ బ్యాంకు పేరు దగ్గర పెట్టుకోండి. లైన్ బిజీ వస్తే మళ్లీ మళ్లీ కొడుతూనే ఉండండి, ఇంకొకరు ఈలోగా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కంప్లైంట్ మొదలుపెట్టండి. 1930 వాళ్లు ఇచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ రాసుకోండి, పోర్టల్లో వివరాలు పూర్తిచెయ్యడం రేపటికి వాయిదా వెయ్యొద్దు. బ్యాంకులో కూడా రాతపూర్వకంగా ఇచ్చి రిసీవ్డ్ స్టాంప్ వేయించుకోండి.

చాట్ డిలీట్ చెయ్యొద్దు, వాడిని వెంటనే బ్లాక్ కూడా చెయ్యొద్దు, ముందు వాట్సాప్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ చేసి మెయిల్‌కి పంపుకోండి, ఆ పాప వాయిస్ మెసేజ్‌తో సహా. మ్యాట్రిమోనీలో ప్రొఫైల్ ఐడీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి ఆ సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి. 2016లోనే కేంద్ర ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ శాఖ మ్యాట్రిమోనీ సైట్లకి అడ్వైజరీ ఇచ్చింది, యూజర్ల ఐడీ ప్రూఫ్ తీసుకోవాలని, ఐపీ అడ్రస్‌లు ఏడాదిపాటు దాచాలని అందులో ఉంది. మీరు త్వరగా రాస్తేనే ఆ లాగ్స్ పోలీసులకి పనికొస్తాయి. ఈ ప్రొఫైల్ ఇప్పటికి ఇంకో పది మందితో ఇదే చాట్ చేస్తుంటుంది, ఆ మెయిల్ వాళ్ల కోసం కూడా.

సెక్షన్ల మాటకొస్తే ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం 66డీ, కంప్యూటర్ ద్వారా ఇంకొకరిలా నటించి మోసం చెయ్యడం, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. 2024 జులై 1 నుంచి 420 బదులు భారతీయ న్యాయ సంహిత 318, వేరే మనిషిలా నటించినందుకు 319. సీబీఐ వచ్చి అరెస్ట్ చేస్తుంది అన్న బెదిరింపుకి భయపడొద్దు, ఫోన్లో డబ్బు అడిగి అరెస్టు ఆపే పద్ధతి మన చట్టంలో లేదు. ఆ కాల్ వివరాలు టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ సైట్‌లో చక్షు అనే చోట రిపోర్ట్ చెయ్యండి.

ఫొటోల గురించి అక్కకి చెప్పండి, స్టాప్ ఎన్‌సీఐఐ అని ఒక ఉచిత సర్వీస్ ఉంది. ఫొటో అప్‌లోడ్ అవ్వదు, మన ఫోన్‌లోనే దానికి ఒక డిజిటల్ గుర్తు తయారవుతుంది, ఆ గుర్తు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి వాటికి వెళ్తుంది, అదే ఫొటో అక్కడ ఎవరైనా పెడితే పట్టుకుని ఆపడానికి. బట్టల్లేని, సన్నిహితమైన ఫొటోలకే అది పనిచేస్తుంది, మామూలు ఫొటోలైతే ఆ భయం చాలావరకు అక్కర్లేదు. సైబర్‌క్రైమ్ పోర్టల్లో ఆడవాళ్ల అసభ్య ఫొటోల విషయంలో పేరు చెప్పకుండా కూడా రిపోర్ట్ చేసే వీలుంది. డబ్బు కేసుకి మాత్రం పేరు ఇవ్వాలి. ఆధార్‌కి యూఐడీఏఐ సైట్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టండి, సంచార్ సాథీలోనే అక్క పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి, తెలియనివి ఉంటే అక్కడే రిపోర్ట్ కొట్టండి.

ఒక ముఖ్యమైన మాట. కొన్ని రోజుల్లో ఇంకెవరో ఫోన్ చేస్తారు, సైబర్ ఎక్స్‌పర్ట్‌లం, మీ పోయిన డబ్బు తెప్పిస్తాం, కొంచెం ఫీజు అని. వాళ్లూ ఈ ముఠానే, లేదా వీళ్ల దగ్గర మీ నంబర్ కొనుక్కున్నవాళ్లు. హోల్డ్ అయిన డబ్బు తిరిగి వచ్చేది పోలీసులు, బ్యాంకులు, కోర్టుల ద్వారానే, తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో వాళ్లు లోక్ అదాలత్‌ల ద్వారా చాలామందికి ఇప్పించారు కూడా. దానికి ఏ ఏజెంటూ అక్కర్లేదు.

డల్లాస్ బాబాయ్:

తమ్ముడికి కాదు, ఇది చదివే మిగతావాళ్లకి ఒక ముక్క, ఎందుకంటే మనకి లండన్ కంటే అమెరికా సంబంధాలే ఎక్కువ. ఇక్కడ డాక్టరైతే ఎన్‌పీఐ రిజిస్ట్రీలో (డాక్టర్లకి ప్రభుత్వం ఇచ్చే నంబర్ల లిస్టు) పేరు కొట్టండి, స్టేట్ మెడికల్ బోర్డులో లైసెన్స్ చూడండి, రెండూ అందరికీ ఓపెనే. మా టెక్సాస్‌లో ఇల్లుందంటే ఆ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో ఓనర్ పేరుతో వెతికితే ఇల్లు, దాని విలువతో సహా వస్తుంది (కొంతమంది పేరు దాచుకుంటారు, రాలేదని అబద్ధమనుకోకండి). సాఫ్ట్‌వేర్ అంటే ఆఫీసు మెయిల్ ఐడీ నుంచి ఒక మెయిల్ పెట్టమనండి చాలు. అన్నిటికంటే తేలిక, ఏ ఊళ్లో ఉంటున్నాడో అడిగి ఆ ఊళ్లో మనవాళ్లకి ఒక ఫోన్. తెలుగువాళ్లు ఉన్న ప్రతి ఊళ్లోనూ వాట్సాప్ గ్రూప్ ఉంది, గుడి ఉంది, ఎవరో ఒకరు కాఫీకి పిలిచి మనిషిని చూసి చెప్తారు. నేనే అలా వెళ్లి కలిసి చెప్పినవి ఉన్నాయి, ఫ్రిస్కో ప్లేనో చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే ఇక్కడే మెసేజ్ పెట్టండి, మొహమాటపడకండి.

తెనాలి తమ్ముడు:

1930 దొరికింది, కంప్లైంట్ నంబర్ వచ్చింది, డబ్బు ఆగిందో లేదో ఇంకా తెలీదు. చాట్ అంతా ఎక్స్‌పోర్ట్ చేశాం. పంపినవి మామూలు ఫొటోలేనంట, ఆ మాట విన్నాక అక్క కొంచెం తేరుకుంది, ఇందాకే అన్నం తింది. ఇక్కడ మా స్టేషన్‌లో తీసుకుంటారా, గుంటూరు సైబర్ స్టేషన్‌కి వెళ్లాలా? స్టేషన్‌లో తెలిసిన కానిస్టేబుల్ ఉన్నాడు, వీధిలో చెప్తాడేమో అని అక్క ఇబ్బంది పడుతోంది.

హైదరాబాద్ అడ్వకేట్:

ఏ స్టేషన్‌లో ఇచ్చినా తీసుకోవాలి, మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ కట్టి పంపడం వాళ్ల పని, కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ 173లో ఉంది. అక్కకి ఇబ్బందైతే నేరుగా గుంటూరు వెళ్లండి, మహిళా ఆఫీసర్ ఉంటే ఆవిడతో మాట్లాడతామని అడగండి. 1930 నంబర్, బ్యాంకు స్టేట్‌మెంట్, చాట్ ప్రింట్, ఆధార్ జిరాక్స్ రెండేసి కాపీలు తీసుకెళ్లండి. కంప్లైంట్ అక్క చేత్తో అక్క మాటల్లో రాయించండి, మీరు పక్కన కూర్చోండి చాలు. కాపీ మీద స్టాంప్ లేకుండా బయటికి రావద్దు.